సగటున నాలుగు కోదండాలు

ప్రజలు సుఖంగా ఉన్నారో లేదో కొలవాలని ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. సుఖం సంగతి చూసుకోవడానికి ప్రత్యేకంగా శాఖ అంటూ ఏదీ లేదు. అది రోగం కాదు గనుక తమకు సంబంధం లేదన్నారు ఆరోగ్య శాఖ వారు. పరలోక సుఖమైతే చూస్తాం గాని ఇహలోకానిది మా పరిధి కాదన్నారు దేవాదాయ శాఖ వారు. ఆబ్కారీ శాఖ వారు ఉత్సాహంగా ముందుకు వచ్చారు గాని వాళ్ళను ఎవరూ నమ్మలేదు. చివరికి సచివాలయంలో ఎవరో బుర్ర ఉన్నవాడు, ఉత్తర్వులో "కొలవాలి" అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి, ఫైలును కొలమానాల శాఖకు తోసేశాడు.

కొలమానాల శాఖ అంటే కొట్లలో తూకపు రాళ్ళకూ కాటాలకూ ఏటేటా ముద్రలు వేసే శాఖ. ఆ శాఖ జిల్లా కార్యాలయంలో ముక్కామల కోదండం సీనియర్ అసిస్టెంటు. నెమ్మదైన మనిషి. నలభై మూడో ఏట, ఇక ఇతనికి పెళ్ళి కాదని ఆఫీసంతా చేతులు దులుపుకున్నాక, ఆరు వారాల క్రితమే పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురు మంగతాయారు బస్సు కండక్టరు. కోదండం రోజూ ఆమె బస్సులోనే ఆఫీసుకు వచ్చేవాడు. ఓ రోజు దిగవలసిన చోట దిగకుండా ఆఖరి స్టాపు దాకా వెళ్ళిపోయాడు. "పడుకుండిపోయారేటండీ?" అని అడిగింది ఆమె. "లేదండి, మేలుకునే ఉన్నాను" అన్నాడు. మర్నాడు కూడా అలాగే మేలుకుని ఆఖరి స్టాపు దాకా వెళ్ళేసరికి ఆమెకు విషయం అర్థమైంది.

సుఖ పరీక్షలో మొత్తం వంద ప్రశ్నలు. అవి ఏ దేశంలో పుట్టాయో తెలియదు గాని, తెలుగులోకి మాత్రం సచివాలయం అనువాద విభాగం మీదుగా వచ్చాయి. "గత పక్షము రోజులలో మీరు నిష్కారణముగా ఎన్ని పర్యాయములు నవ్వితిరి?" "మీ అంతరంగములో వాతావరణము ఎట్లున్నది?" "మీరు వంటపాత్ర అయినచో ఏ వంటపాత్ర?" ఇలా ఉండేవి. జవాబులకు అర్థాలు తీయడానికి డాక్టర్ హైమవతి గారని ఒక మనోమాపన సలహాదారును రాజధాని నుంచి పంపారు.

శాఖ సిబ్బంది ఊరూరా తిరిగి ఇరవై వేల మందిని పరీక్షించారు. ఇరవై వేల మందీ అన్ని ప్రశ్నలకూ ఒకే జవాబు చెప్పారు: "ఏదో, ఇలా ఉన్నామండి." మన వైపు ఎవడికీ నోరు తెరిచి బాగున్నానని చెప్పే అలవాటు లేదు కదా. లాటరీ తగిలినవాడిని అడిగినా, కూతురికి కవలలు పుట్టినవాడిని అడిగినా ఏదో ఇలా ఉన్నామనే అంటాడు. బాగున్నామంటే దిష్టి తగులుతుందని ఒక భయం, చేబదులు అడుగుతారని ఇంకో భయం. ఈ సంగతి హైమవతి గారి పుస్తకాల్లో లేదు. "ఏదో" అనునది పేరు తెలియని దీర్ఘకాలిక విషాదమనీ, జిల్లా యావత్తూ దానితో బాధపడుతున్నదనీ ఆవిడ నివేదిక రాసి, జిల్లా సగటు వందకు ముప్పై రెండు మార్కులని తేల్చారు.

ప్రశ్నపత్రాలు కొన్ని మిగిలిపోతే ఆఫీసు సిబ్బంది చేత కూడా పూర్తి చేయించారు. అందరూ ఏదో అని రాశారు, ఒక్క కోదండం తప్ప. అతను అప్పుడే మంగతాయారు కట్టిచ్చిన క్యారియరు ఖాళీ చేసి, గుత్తి వంకాయ కూర తిన్న చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అడిగింది సర్కారు, అబద్ధం ఎందుకని, ఉన్నది ఉన్నట్టు రాసేశాడు. చాలా బాగున్నాను. నిష్కారణంగా నవ్వలేదు, కారణం ఉండే నవ్వాను. వంటపాత్ర అయితే అన్నం గిన్నెను. అతనికి ఎనభై మార్కులు వచ్చాయి.

సాయంత్రం ఈ మాట చెప్పగానే మంగతాయారు టిక్కెట్ల మిషను మంచం మీద పడేసి నెత్తి కొట్టుకుంది.

"ఓరి బాబోయ్, అంత పచ్చిగా రాసేసేరా? బాగున్నానని ఎవరన్నా నోటితో అంటారేటండీ? అదీ కాయితం మీద, సంతకం ఎట్టి మరీ! ఊరందరి కళ్ళూ ఇప్పుడు మన మీదే."

"నిజమే కదా మంగా రాసింది."

"నిజమైతే మాత్రం? నిజమని వీధిలో ఆరేసుకుంటామా?" అంటూ ఆమె గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ అతని చుట్టూ తిప్పి గ్యాసు పొయ్యి మీద మూకుట్లో వేసింది. ఇల్లంతా ఘాటు కమ్మి ఇద్దరూ ఊపిరాడక దగ్గారు. దగ్గొస్తే దిష్టి లేనట్టు లెక్క.

"పోన్లెండి, ఇంకా తగల్లేదు" అంది మంగతాయారు కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున్నే తగిలింది. జాయింట్ డైరెక్టర్ విఠల్‌రావు గారు కోదండాన్ని తన గదిలోకి పిలిపించి, ఎన్నడూ లేనిది, కూర్చోమన్నారు. పక్కనే హైమవతి గారు ఉన్నారు.

"కోదండం గారూ, కొలత అనగానేమి? తెలియని దానిని తెలిసిన దానితో పోల్చుట. కిలో అనగానేమి? మన ఇనప్పెట్టెలో ఉన్న ప్రమాణపు రాయి ఎంత ఉంటే అంత. మరి ఇరవై వేల మంది సుఖాన్ని దేనితో పోల్చి కొలిచామని రేపు ఆడిటు వారు అడిగితే నేనేం చెప్పాలి? సుఖానికి ప్రమాణం ఏది?"

"తెలీదండి" అన్నాడు కోదండం.

"మీరే" అన్నారు విఠల్‌రావు గారు.

జిల్లాలో బాగున్నానని లిఖితపూర్వకంగా ఒప్పుకున్న వ్యక్తి అతనొక్కడే గనుక, అతన్ని ప్రామాణిక సంతోషిగా నియమిస్తూ అప్పటికే ఉత్తర్వు తయారైపోయింది. ఇకమీదట జిల్లాలో ఎవరికి ఎన్ని మార్కులు వచ్చినా దాన్ని కోదండం మార్కులతో భాగిస్తారు. వచ్చింది వాళ్ళ సుఖం. దాని కొలమానానికి పేరు కూడా పెట్టారు: ఒక కోదండం. ఆ లెక్కన జిల్లా సగటు అప్పటికి 0.4 కోదండాలు.

కోదండానికి గర్వంగానే అనిపించింది, ఉత్తర్వు రెండో పేజీ తిప్పేదాకా. "ప్రమాణమును ప్రమాణాల గదిలో భద్రపరచవలెను. దుమ్ము, తేమ, ఎండ సోకరాదు. ఇతర వస్తువులతో కలిపి ఉంచరాదు. చేతితో తాకరాదు." ఇవి ఇనప్పెట్టెలోని కిలో రాయికి రాసుకున్న నిబంధనలు. వాటిని తన చేత్తో టైపు చేసినవాడు కోదండమే. అతని గుండెల్లో రాయి పడింది.

"సార్, నాకు కొత్తగా పెళ్ళయిందండి."

"అభినందనలు."

"అది కాదండి. నేను బాగుండడానికి కారణం మా ఆవిడండి. ఆవిణ్ణి వదిలేసి ఈ గదిలో ఉంటే, ఇక బాగుండడం ఎక్కడండి?"

"కారణం మనకు అప్రస్తుతం. నువ్వు కిలో ఎందుకున్నావని రాయిని ఎప్పుడైనా అడిగామా?"

కోదండం ఉత్తర్వు రెండో పేజీ మళ్ళీ తిప్పాడు. "చేతితో తాకరాదు అన్నది మా ఆవిడక్కూడా వర్తిస్తుందాండి?"

"ఆవిడకు మరీ ముఖ్యంగా" అన్నారు హైమవతి గారు. "మీ సుఖంలో హెచ్చుతగ్గులు వచ్చే ప్రమాదం అక్కడే ఎక్కువ."

ఆ మధ్యాహ్నమే అతన్ని ప్రమాణాల గదిలో చేర్చారు. మూడు పక్కలా గోడలు, ఒక పక్క అద్దం, పైన ఒక వెంటిలేటరు, ఎప్పుడూ మారని చల్లదనం. తలుపుకు లక్కముద్ర వేశారు. తాళం పడగానే ఇంకో మార్పు కూడా వచ్చింది. అంతవరకు "ఆయన" అన్నవాళ్ళంతా "అది" అనడం మొదలుపెట్టారు. "ప్రమాణం భోంచేసిందా?" అని విఠల్‌రావు గారు అడిగితే, "సగం తిని వదిలేసిందండి" అని అటెండరు అప్పన్న జవాబు చెప్పేవాడు. అప్పన్నకు పాపం మొదట్లో నోరు తిరిగేది కాదు. రెండు మెమోలు అందాక తిరిగింది.

రోజూ పొద్దున హైమవతి గారు అద్దం అవతల కూర్చుని వంద ప్రశ్నలూ అడిగి మార్కులు వేసేవారు. మొదటి వారంలోనే ఎనభై కాస్తా నలభైకి దిగింది. రెండో వారానికి పదహారు. జిల్లా జనం మాత్రం ఎప్పటిలాగే ఏదో ఇలా ఉన్నామంటున్నారు గనుక వాళ్ళ సగటు ముప్పై రెండు చెక్కు చెదరలేదు. ముప్పై రెండును పదహారుతో భాగిస్తే రెండు. జిల్లా సుఖం పక్షం రోజుల్లో అయిదు రెట్లు పెరిగిందని పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. విఠల్‌రావు గారికి శాలువా కప్పారు.

"డాక్టరు గారూ, నేను సంతోషంగా లేనండి" అన్నాడు కోదండం ఓ పొద్దున.

"ఆ మాట మీరు అనడానికి వీల్లేదు. మీరు ఎలా ఉంటే అదే సంతోషం."

"ఏడుపొస్తోందండి."

హైమవతి గారి కళ్ళు మెరిశాయి. "అయితే సంతోషంలో కన్నీళ్ళు ఒక అంతర్భాగమన్నమాట. ఇంకా?"

"అన్నం సయించట్లేదు. పొద్దస్తమానం ఆ గోడకేసి చూస్తా కూర్చుంటన్నాను."

ఆవిడ అన్నీ రాసుకున్నారు. ఆ వారమే సుఖ లక్షణాల కరపత్రం అచ్చయి జిల్లా అంతా పంచబడింది. సుఖి అయిన మనిషి మితంగా తినును, అప్పుడప్పుడు కన్నీరు కార్చును, గోడ వైపు చూచును. బడులలో రోజుకో పీరియడు గోడకు కేటాయించారు. పిల్లలందరూ వరసగా నిలబడి గోడకేసి చూస్తుంటే, డ్రిల్లు మాస్టారు వెనక తిరుగుతూ ఎవడైనా నవ్వుతున్నాడేమో చూసేవారు. నవ్విన పిల్లల తల్లిదండ్రులను పిలిపించి మందలించేవారు.

అప్పన్న అన్నం పళ్ళెం లోపలికి తోస్తూ ఊళ్ళో సంగతులు చెప్పేవాడు. "మా ఇంట్లో నేనూ, ఆడదీ, మా అత్తా కలిసి ఆరు కోదండాలున్నామంటండి. మీరొక్కరే ఒకటి. మా అత్తే రెండుందంటే నాకు నమ్మకం కుదర్లేదు గానీ, కాయితం మీద ముద్రేసి మరీ ఇచ్చేరు."

"మంగ వస్తందా అప్పన్నా?"

"రోజూ వస్తందండి గేటు కాడికి. మీ పెళ్ళావేనని రుజువేటని అడుగుతున్నారు. శుభలేఖ చూపిస్తే, ఇందులో కోదండం అని ఉంది, లోపలున్నది ప్రమాణం, రెండూ ఒకటేనని గెజిటెడ్ సంతకం పట్రమ్మన్నారండి."

కోదండం గోడకేసి తిరిగి కూర్చున్నాడు. మర్నాడు మార్కులు ఎనిమిదికి దిగాయి. జిల్లా సగటు నాలుగు కోదండాలు.

అప్పుడే విఠల్‌రావు గారికి జ్ఞానోదయమైంది. జిల్లాలో నలభై లక్షల మంది ఉన్నారు. వాళ్ళను సంతోషపెట్టాలంటే రోడ్లు వెయ్యాలి, నీళ్ళివ్వాలి, ఆసుపత్రుల్లో మందులు పెట్టాలి, అప్పటికీ వాళ్ళు ఏదో ఇలా ఉన్నామనే అంటారు. అదే ఒక్క కోదండాన్ని ఏడిపిస్తే నలభై లక్షల మంది సుఖం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంత పొదుపైన సంక్షేమ పథకం దేశంలో ఇంకోటి లేదని ఆయన పైకి రాశారు. పైనుంచి వెంటనే ఆమోదం వచ్చింది. మొదట కాఫీ తీసేశారు. తర్వాత దిండు. తర్వాత ఆవకాయ. ఆవకాయ తీసేశాక సీసాలో మిగిలినది ఏ పద్దు కింద చూపాలో తేలక కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి.

ఎన్ని తీసేసినా ఎనిమిది మాత్రం ఎనిమిది దగ్గరే మొరాయించింది. కారణం కనిపెట్టడానికి హైమవతి గారు ఒక పూటంతా అద్దం ముందు కాపలా కూర్చున్నారు. ఆఫీసు ముందు రోడ్డు మీద బస్సొకటి ఆగింది. వెంటిలేటరులోంచి ఖంగుమని ఒక ఆడగొంతు వినిపించింది: "రైట్... రైట్!" ఆ బస్టాపులో దిగేవాళ్ళు లేరు, ఎక్కేవాళ్ళూ లేరు. అయినా ఆ గొంతు ఇంకోసారి, గోడలు దాటేట్టు, "రైట్... రైట్!" అంది. గదిలో ప్రమాణం తల ఎత్తి కూర్చుంది.

వెంటనే డిపోకు ఉత్తరం వెళ్ళింది. ప్రజాసుఖం దృష్ట్యా ఆ బస్సును వేరే దారికి మళ్ళించారు. కోదండం ఆ పూట వెంటిలేటరు కింద నిలబడి ఎదురు చూశాడు. ఆ మర్నాడూ చూశాడు. ఆ గొంతు వినపడకపోతే తనకు బతికి ఉన్నట్టే లేదని అతనికి అప్పుడు తెలిసింది. మార్కులు మూడుకు పడ్డాయి.

అదే సమయానికి మంత్రి గారు స్వయంగా వచ్చి జిల్లా సుఖాన్ని ప్రకటిస్తారని కబురొచ్చింది. మూడు అంటే జిల్లా సగటు పదిన్నర పైచిలుకు కోదండాలు, తక్కువేమీ కాదు. కానీ విఠల్‌రావు గారికి ఆశ పుట్టింది. మూడు బదులు సున్నా అయితే? దేన్నైనా సున్నాతో భాగిస్తే అనంతం. పడుకోబెట్టిన ఎనిమిది గుర్తు. అనంత సుఖం ఉన్న జిల్లా ఇంతవరకు చరిత్రలో లేదు.

"ఈ మూడు ఎందుకు మిగిలింది డాక్టరు గారూ?"

"ఆశ సార్. ఆవిడ ఎప్పటికైనా వస్తుందని, తన కోసం చూస్తూ ఉంటుందని. అది పోతే తప్ప సున్నా రాదు."

మంగతాయారుకు గేటు దగ్గర మొదటిసారి కుర్చీ వేశారు. విఠల్‌రావు గారే వచ్చి, ఒక కాగితం చేతికిచ్చి, మంత్రి గారి సమక్షంలో అద్దం ముందు నిలబడి దాన్ని చదివితే చాలునని మర్యాదగా చెప్పారు.

ఆమె కాగితం చూసింది. "నేను హాయిగా ఉన్నాను. మీరు లేని లోటు ఏమీ తెలియుటలేదు." ఆమె మొహం కందగడ్డలా అయింది.

"ఇది చదివితే ఆయన్ని చూడనిత్తారా?"

"చూడవచ్చు. తాకరాదు."

"సరే చదువుతాను" అంది. నలభై రోజులుగా గేటు బయట నిలబడ్డ మనిషి, చూడనిస్తే చాలు, టెలిఫోను డైరెక్టరీ అయినా చదివేది.

మంత్రి గారి కోసం ప్రమాణాల గది బయట పెద్ద బోర్డు పెట్టారు. అందులో ఎర్ర దీపాలతో అంకెలు వెలుగుతాయి. వంద ప్రశ్నలు అడిగే తీరిక మంత్రి గారికి ఉండదు గనుక ఆ రోజుకు క్షిప్ర పరీక్ష ఏర్పాటైంది. ఒకటే ప్రశ్న: వందకు ఎంత బాగున్నారు? ప్రమాణం అంకె చెప్పగానే హైమవతి గారు మీట నొక్కుతారు, బోర్డు మీద జిల్లా సుఖం పడుతుంది.

మంగతాయారును అద్దం ముందుకు తెచ్చారు. లోపల కోదండం గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆమె వైపు అతని వీపు మాత్రమే ఉంది. ఆమె తల వంచుకుని, కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చదివింది. "నేను హాయిగా ఉన్నాను. మీరు లేని లోటు ఏమీ తెలియుటలేదు."

ఆ గొంతు విన్నాక, ఆ మాటలు విన్నాక కోదండానికి ఇంక తిరిగి చూడాలనిపించలేదు.

"ప్రమాణం వందకు ఎంత బాగుంది?" అని అడిగారు హైమవతి గారు.

"సున్నా" అన్నాడు కోదండం గోడతో.

బోర్డు మీద పడుకున్న ఎనిమిది భగ్గున వెలిగింది. చప్పట్లు మోగాయి. మంత్రి గారు మైకు అందుకుని, "మన జిల్లా ప్రజలు ఈనాడు అనంతమైన సుఖాన్ని..." అని మొదలుపెట్టారు.

"ఏదీ, ఇటు తిప్పి చూపించండి దాన్ని" అన్నారు విఠల్‌రావు గారు ఫొటోగ్రాఫరు కోసం.

"దాన్నేటండీ, దాన్ని?" అంది మంగతాయారు. చప్పట్లలో ఎవరూ వినలేదు. అప్పన్న లోపలికి వెళ్ళి కోదండాన్ని భుజాలు పట్టి ఇటు తిప్పాడు. బుగ్గలు పీక్కుపోయి, కళ్ళు లోతుకుపోయి, ఆరు వారాల క్రితపు చొక్కాలో కర్రకు తగిలించినట్టున్న మనిషిని చూసేసరికి ఆమె చేతిలో కాగితం కింద పడిపోయింది.

"ఓలమ్మో, ఏం జేసేసేర్రా నాయనా మా ఆయన్ని! ఏవండీ, ఇటు చూడండి. అదంతా ఆళ్ళు రాసిచ్చిందండి. హాయేటండీ, నా మొహం హాయి! ముద్ద మింగుడు పడితే ఒట్టు. ఇద్దరికీ సరిపడా అన్నం వండేసి, మీ గిన్నె చూసి ఏడుత్తా కూకుంటన్నాను. చిల్లరివ్వడం తప్పుతన్నాను, స్టాపులు మర్చిపోతన్నాను, నిన్న డ్రైవరు బస్సు తోలతంటే ఆపెయ్యమని అరిచేనంట. మీరు లేపోతే నేనింక బతకనండి. చచ్చిపోతాను, అంతే!"

కోదండం కళ్ళు పెద్దవయ్యాయి. పాలిపోయిన మొహంలోకి రంగు వచ్చింది. వంగిన నడుము నిటారైంది. తాను లేక ఇంకొకరికి అన్నం సయించడం లేదని వినడంలో మనిషికి ఉన్న ఆనందం ఇంకెందులోనూ లేదు. ఇది మంచి బుద్ధి కాదు గాని, ఉన్న మాట. అతని రెండు చేతులూ వచ్చి అద్దానికి ఆనాయి.

"నిజంగానా మంగా? ముద్ద కూడా దిగట్లేదా?"

"మీ మీదొట్టు!"

హైమవతి గారు అలవాటు కొద్దీ, వద్దు వద్దని విఠల్‌రావు గారు చేతులు ఊపుతున్నా చూసుకోకుండా, అడిగేశారు. "ప్రమాణం వందకు ఎంత బాగుంది?"

"వందేంటండీ బాబూ!" అని అరిచాడు కోదండం. "నూట పదహార్లు!"

ఆవిడ వేలు మీట నొక్కేసింది. పడుకున్న ఎనిమిది ఆరిపోయి, దాని చోట 0.28 వెలిగింది.

మంత్రి గారు మైకు చేత్తో మూసి వెనక్కి తిరిగారు. "ఇందాక అనంతం అన్నారు?"

"అవునండి" అన్నారు విఠల్‌రావు గారు చెమట తుడుచుకుంటూ. "ప్రమాణం కాస్త... సంతోషించిందండి."

"ఒక గుమాస్తా నవ్వితే నలభై లక్షల మంది సుఖం పోతుందటయ్యా? ముందు దాన్ని ఇక్కణ్ణుంచి తీసెయ్యండి!"

తీసెయ్యడం అంత సులువు కాలేదు. శాఖ నిబంధనల ప్రకారం దొంగ తూకం రాళ్ళను సుత్తితో పగలగొట్టి, ముక్కలను పాతిపెట్టాలి. విఠల్‌రావు గారు ఆ నిబంధన రెండుసార్లు చదివించుకుని, న్యాయ విభాగానికి ఫోను చేశారు. మనిషి విషయంలో పగలగొట్టడం కుదరదనీ, మరమ్మతుకు పనికిరాని ప్రమాణాలను యజమానికి తిరిగి అప్పగించే వీలుందనీ వాళ్ళు చెప్పారు.

"దీని యజమాని ఎవరు?" అని అడిగారు విఠల్‌రావు గారు.

"నేనే" అంది మంగతాయారు. ఈసారి గెజిటెడ్ సంతకం ఎవరూ అడగలేదు.

జిల్లాకు ప్రమాణం లేకుండా ఒక్క పూట కూడా గడవరాదని మంత్రి గారు ఆదేశించడంతో, ప్రామాణిక సంతోషి బాధ్యతలు తాత్కాలికంగా విఠల్‌రావు గారికే అదనంగా అప్పగించారు. కాఫీ తీసెయ్యవలసిన అవసరం కూడా రాలేదు. తొలి పరీక్షలోనే ఆయనకు ఒక మార్కు వచ్చింది. ఆ ఒక్కటీ కూడా హైమవతి గారు మొహమాటానికి వేసిందే. జిల్లా సగటు ముప్పై రెండు కోదండాలకు లేచింది. పేరు మార్చి విఠల్‌రావులు చేయాలా అన్న ఫైలు ఇంకా నడుస్తోంది.

వెళ్ళేముందు రసీదు మీద సంతకానికి ఇద్దర్నీ ఆపారు. ఇప్పుడు ప్రమాణాల గదిలో ఉన్న విఠల్‌రావు గారే అద్దం అవతల నుంచి, బోలుగా వినిపించే గొంతుతో షరతు చదివారు. "తిరస్కరింపబడిన ప్రమాణము మరియు దాని యజమాని, ఇరువురూ ఒకచోట ఉన్నయెడల జిల్లా లెక్కలు తారుమారగు ప్రమాదము కలదు. కావున సర్వే జరుగు దినములలో వీరు ప్రభుత్వ ఖర్చుపై జిల్లా వెలుపల నివసించవలెను. బస, భోజనము, రెండు టిక్కెట్లు శాఖ భరించును. అతిక్రమించినచో చర్య తీసుకొనబడును." చదివి తల ఎత్తారు. "ఏమమ్మా, సమ్మతమేనా?"

మంగతాయారు ఒక చేత్తో కోదండం చెయ్యి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో సంతకం చేసింది.

"ఆ తేదీలేవో కాత్త ముందుగా చెప్పండి బాబుగారూ. డిపోలో సెలవు దొరకడం కష్టం."